దివిసీమ రైలు ఆగిన చోటు

ఈ ఉదయం మా షెడ్డులో కొత్త లేకరు డబ్బా మూత తీశాను. ఇత్తడి నగ నల్లబడకుండా పైన పూసే మందు అది. ఆరిపోయాక కంటికి కనపడదు. మగ్గిన అరటిపండునీ పెట్రోలునీ కలిపినట్టుండే ఆ వాసన ముక్కుకి తగలగానే గుడివాడలో ఒక కాలేజీ హాలు, అందులో బల్లల మీద పరిచిన బొమ్మ రైలు దారి, వంతెన నడుమ ఆగిపోయిన చిన్న ఇంజను కళ్ళముందుకొచ్చాయి. అది ఎందుకు ఆగిందో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. నేను చెప్పలేదు. ఆ తప్పు జానీ బాషా గారిదని ఇప్పటికీ బందరులో అనుకునేవాళ్ళున్నారు. సువార్తమ్మ గారి గొప్పలకి దేవుడు వేసిన బ్రేకు అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజం కాదు. వాళ్ళిద్దరినీ ఎరగని వాళ్ళ కోసం, ఎరిగి కూడా ఆ కథ తప్పుగా చెప్పుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సువార్తమ్మ గారు నా యజమానురాలు. చిలకలపూడిలో ఆవిడ రోల్డుగోల్డు కార్ఖానాలో నేను పూత పని చూసేవాణ్ణి. నాగాయలంక దగ్గర పల్లెలో కూలివాళ్ళ ఇంట్లో పుట్టి, పెళ్ళయి బందరొచ్చి, లాకెట్లకి రాళ్ళు అతికించే పనితో మొదలుపెట్టి సొంత కార్ఖానా దాకా ఎదిగిన మనిషి. గొప్పలు చెప్పుకోవడం ఆవిడకి మహా ఇష్టం. ఆదివారం చర్చిలో తన కార్ఖానా నగలే పెట్టుకుని ముందు బెంచీ మీద కూర్చునేవారు. ఎవరైనా చూడకపోతే చూసేదాకా తల తిప్పుతూ ఉండేవారు. అలాంటి మనిషి, నేను పనిలో చేరిన రోజు ఒక గొలుసు నా చేతిలో పెట్టి, కొనడానికొచ్చినవాళ్ళకి మొట్టమొదట ఏం చెప్తావని అడిగారు. రంగు గురించి, గ్యారంటీ గురించి ఏదో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఇది బంగారం కాదండీ అని చెప్పాలి. ఆ మాట అన్నాక ఎంత మెరిసినా మనం దొంగలం కాదు."

కార్ఖానా మేడ మీద గదిలో ఉండేది రైలు. ఒక క్రిస్మస్‌కి సండే స్కూలు పిల్లల కోసమని ఆవిడ బొమ్మ రైలు సెట్టు ఒకటి కొన్నారు. అది తిరగకపోతే కోనేరు సెంటర్ దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే జానీ బాషా గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన బాగుచేశారు. తర్వాత వాళ్ళిద్దరూ కలిసి దాన్ని ఎంత ఇష్టపడ్డారంటే, పిల్లలకి మాత్రం బెలూన్లు పంచారు. ఏడాది తిరిగేసరికి గది నిండా బల్లలు, బల్లల మీద పట్టాలు. ఆయన సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చునేవారు. రంజాన్‌కి ఆవిడ వాళ్ళింట్లో భోంచేసేవారు, క్రిస్మస్‌కి ఆయన ఇక్కడ కేకు కోసేవారు. అక్కా అంటే తమ్ముడూ అని పలికేవారు. మిగతా సమయమంతా పోట్లాటే.

బందరు నుంచి పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ దాకా ఉన్న లైనుని ఉన్నట్టే వేశారు. మురుగుకాలువల మీది చిన్న వంతెనలతో సహా. ఆ తర్వాత లేని లైను మొదలుపెట్టారు. బందరు నుంచి చల్లపల్లి, అక్కణ్ణించి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి అవనిగడ్డ. కృష్ణ పాయల నడుమ ఆవిడ పుట్టిన దివిసీమకి ఎన్నడూ రాని రైలు అది. బాషా గారు, లేనిదాన్ని చూసి జనం నవ్వరా అక్కా అన్నారట. పులిగడ్డలో కాలువనే నది మీంచి దాటించారు కదా, నీళ్ళకి వంతెన కట్టినవాళ్ళకి రైలుకి కట్టడం చేతకాలేదు కాబట్టి నేను కడుతున్నానని ఆవిడ జవాబు. అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆవిడ నాన్న జీవితంలో ఒక్కసారి కూడా రైలెక్కలేదు. చల్లపల్లి దాకా బస్తాలు మోసుకొచ్చి, బందరులో రైలుంటుందట అని పిల్లలకి చెప్పేవాడట. ఆవిడ మొదటి పెట్టె కిటికీ దగ్గర తలపాగా చుట్టిన ఒక బొమ్మని కూర్చోబెట్టారు. అది ఎవరని అడిగినవాళ్ళకి మాత్రం, ఎవరో ప్యాసింజరు అనేవారు.

వంతెన కట్టడం మా కార్ఖానా పనే అయింది. గొలుసులకి లాగే ఇత్తడి తీగతోనే గర్డర్లు. గాజుల అచ్చుల మీద వంచిన రేకుతో కమానులు. నెక్లెసుల్లో గుచ్చే సన్నటి గుండ్లని రివెట్ల బదులు వరసగా అతికించాం. నేను టంకం పెట్టేవాణ్ణి, ఆవిడ భూతద్దం పెట్టుకుని చూసి బాగాలేని అతుకు మళ్ళీ ఊడదీయించేవారు. నగ అయితే మెడలో వేలాడితే చాలు, వంతెన బరువు మొయ్యాలి అనేవారు. ఒకసారి విసుగొచ్చి, ఇంత లోపల ఎవరు చూస్తారండీ అన్నాను. ఆవిడ నన్ను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి బల్ల కిందనుంచి పైకి చూడమన్నారు. కిటికీ వెలుగు తీగల మధ్యనుంచి గళ్ళు గళ్ళుగా నా మొహం మీద పడింది. నా చేతుల్తో చేసిన వస్తువు ఒకటి అంత అందంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"పైనుంచి చూసేవాడు ప్రయాణికుడు. కట్టినవాడు కిందనుంచి చూసుకోవాలి" అన్నారు ఆవిడ.

బాషా గారిది కరెంటు పని. పట్టాల్లోంచి చక్రాల గుండా ఇంజనులోకి కరెంటు వెళ్తుంది. అందుకని పట్టా మీద చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. చెమట అంటినా బండి తడబడుతుందని ఒక మెత్తటి గుడ్డతో ఆయనే తుడిచేవారు.

గుడివాడ కాలేజీ వాళ్ళు ఏర్పాటు చేసిన ప్రదర్శనకి పిలుపొచ్చింది. ముందురోజే లారీలో బల్లలు తీసుకెళ్ళి బిగించాం. బాషా గారు రైలుని అటూ ఇటూ నడిపి చూసి, మేడంగారితో కలిసి భోజనానికి వెళ్ళారు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. దారిలో లారీలో తగిలిన ఉప్పుగాలికి ఇత్తడి మసకబారినట్టనిపించింది. మా కార్ఖానాలో లేకరు పడకుండా ఏ వస్తువూ గడప దాటదు. నేను సంచీలోంచి స్ప్రే తీసి వంతెనంతా కొట్టాను. నడుమకి వచ్చేసరికి పట్టాల మీద కూడా. ఆవిడ వచ్చి చూసి ఎంత మెరుస్తోందో అంటారని. లేకరు కరెంటుని ఆపుతుందన్న సంగతి నాకు తెలియనిది కాదు. కరెంటుతో పూత ఎక్కించే తొట్లలో లేకరు పడ్డ నగకి రంగు ఎక్కదని రోజూ చూసేవాణ్ణే. ఆ క్షణాన అది నా కళ్ళకి పట్టా కాదు, నగ.

మర్నాడు హాలు నిండింది. నాగాయలంక నుంచి ఆవిడ పుట్టింటి వాళ్ళు, ఊరివాళ్ళు వ్యాను కట్టుకుని వచ్చారు. ఆవిడ అందరినీ బల్లల కిందికి వంగి వంతెన చూడమని, చూశాకే రైలు వదిలారు. రైలు చల్లపల్లి దాటింది. పులిగడ్డ దగ్గర వంతెన ఎక్కింది. సగందాకా వెళ్ళి ఆగిపోయింది. అవతలి ఒడ్డు కనపడుతూనే ఉంది. గుంపులోంచి ఎవరో, దివిసీమ వాళ్ళు దిగి నడవండయ్యా, మీకు అలవాటేగా అన్నారు. హాలంతా నవ్వింది. ఆవిడ రైలుని చూపుడువేలితో నెట్టారు. ఇంకా నవ్వారు.

"వైరు బిగించావా బాషా?" అని అందరి ముందూ అడిగారు. తమ్ముడూ అనలేదు.

"నా చెయ్యి మీద నమ్మకం లేనప్పుడు నాచేత ఎందుకు చేయించారక్కా?" అన్నారాయన.

అప్పుడే నాకు లేకరు గుర్తొచ్చింది. నోరు తెరవడానికి అదే సమయం. ఆవిడ మొహం చూసి భయపడ్డాను. తర్వాత చెప్దాం అనుకున్నాను. ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. మర్నాడు బందరులో బల్లలు దింపాక, శుభ్రం చేస్తున్నానని చెప్పి లేకరుని కరిగించే థిన్నరులో దూది ముంచి పట్టాలు తుడిచేశాను. ఆవిడ రైలు నడిపి చూశారు. సాఫీగా దాటింది. ఇక్కడ తిరిగినది అక్కడ తిరగలేదంటే అక్కడ వైరు వదులుగా ఉన్నట్టే కదా అన్నారు. ఆ మాట బాషా గారికి చేరింది. ఆయన తన స్క్రూడ్రైవర్ల పెట్టె తీసుకుని మెట్లు దిగిపోయారు. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ అయింది. కొన్నాళ్ళకి అందులో నేను కూర్చున్నాను.

ఆ రైలు మళ్ళీ తిరగలేదు. బల్లల మీద పాత చీరలు కప్పారు. బందరులో ఏ పని మధ్యలో ఆగినా, సువార్తమ్మ గారి రైల్లా ఉందే అనడం అలవాటైపోయింది. ఒకసారి గిలకలదిండి రేవులో ఇంజను చెడిన బోటుని చూసి ఎవరో ఆ మాట అన్నారు. పక్కనే ఉన్న నేను అందరితోపాటు నవ్వాను. ఏళ్ళు గడిచాయి. ఆవిడ ఆశీర్వాదంతోనే నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను. మొన్న అవనిగడ్డలో చర్చి పండుగకి, మా రైలు మాకు చూపించమ్మా అని ఆ ఊరి పెద్దలు ఆవిడ దగ్గరికి వచ్చారు. ఆవిడకి డెబ్భై దాటాయి. వైరు పని చూసేవాడు లేడు, రైలు రాదు అని చెప్పి పంపేశారు. వాళ్ళు వెళ్ళాక మేడెక్కి ఆ చీర ఒకటి తొలగించి కాసేపు నిలబడ్డారు. ఆవిణ్ణి పలకరించడానికి వెళ్ళిన నేను మెట్ల మీదనుంచి చూశాను. ఆ సాయంత్రమే కోనేరు సెంటర్‌కి వెళ్ళాను.

బాషా గారు మిక్సీ ఒకటి విప్పుతున్నారు. నేను మొత్తం చెప్పాను. ఆయన స్క్రూలు తీయడం ఆపలేదు. అన్నీ తీసి పళ్ళెంలో పెట్టాక మాట్లాడారు.

"ఆ రోజునుంచి ప్రతి వైరూ రెండుసార్లు లాగి చూస్తున్నానయ్యా. నా చెయ్యి మీద నాకే అనుమానం పెట్టావు."

నేను ఆయన కాళ్ళ వైపు వంగబోతే ఆపారు. ఇక్కడ కొట్లో గుసగుసగా చెప్తే కుదరదు, నలుగురిలో నవ్వారు, నలుగురిలో చెప్పు, అలాగైతే వస్తాను అన్నారు. సరేనన్నాను. బాషా గారు వస్తారట అని మాత్రం మేడంగారికి చెప్పాను. ఆవిడ ఎందుకని అడగలేదు. చీరలన్నీ తీయించమన్నారు.

అవనిగడ్డ చర్చి హాల్లో ఆయన లోపలికి రాగానే ఆవిడ కుర్చీలో కొంచెం పక్కకి జరిగి, టీ తాగావా అని అడిగారు. లేదన్నారాయన. ఇద్దరికీ తెప్పించారు. అంతే. తాగుతూనే, బందరు స్టేషను దీపం ఎర్రగా ఉండాలా పచ్చగా ఉండాలా అని పోట్లాట మొదలుపెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ముసలమ్మలు చీర కుచ్చిళ్ళు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని వంతెన కిందనుంచి చూశారు. ఇది బంగారం కాదండీ, ఇత్తడి, రైలు మాత్రం నిజం అని ఆవిడ ప్రతి ఒక్కళ్ళకీ చెప్పారు. గొంతు మునుపటిలా హాలు చివరిదాకా వినపడింది. బాషా గారు గుడ్డతో పట్టాలు తుడిచి తల ఊపారు. రైలు చల్లపల్లి దాటింది, వంతెన ఎక్కింది, నడుమకి వచ్చింది, ఆగలేదు. గుండ్ల రివెట్ల పక్కనుంచి, గాజుల కమానుల కిందనుంచి కూత వేసుకుంటూ వెళ్ళి అవనిగడ్డ ప్లాట్‌ఫారం మీద నిలిచింది. ఒకాయన, దిగేవాళ్ళు దిగండమ్మా, అవనిగడ్డ వచ్చింది అని అరిచాడు. చప్పట్లకి హాలు దద్దరిల్లింది. కొందరు ఏడ్చారు. ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, దేశానికి తనే రైలు తెచ్చినట్టు నిలబడ్డారు. తెచ్చింది ఆవిడే.

ఇప్పుడు నా షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి నేను రెండు మాటలు చెప్తాను. ఒకటి ఆవిడది, ఇది బంగారం కాదు అనేది. రెండోది నాది, పైన ఏం పూశావో దాచకు అనేది. ఆ రెండో మాట చెప్పే హక్కు నాకు ఆ హాల్లోనే వచ్చింది.

చప్పట్లు ఆగకముందే ఆవిడ రైలు నడిపే మీట నా చేతికిచ్చి, నువ్వు నడుపు భాస్కరం, అతుకులు నీవే కదా అన్నారు. బాషా గారు నా వైపు చూశారు. నేను రైలుని బందరు దాకా వెనక్కి తెచ్చి మళ్ళీ వదిలాను. వంతెన నడుమకి రాగానే, గుడివాడలో ఆగిన చోటే, ఆపాను.

"అప్పుడు ఇక్కడే ఆగింది. బాషా గారి వైరు తప్పు కాదు, మేడంగారి వంతెన తప్పు కాదు. పట్టాల మీద లేకరు కొట్టింది నేను. మర్నాడు ఎవరికీ తెలియకుండా తుడిచేసిందీ నేనే. ఇన్నేళ్ళూ మీ ఇద్దరి మీద పడ్డ మాట నాది. మేడంగారూ, బాషా గారూ, నన్ను క్షమించండి."

ఆవిడ నా మొహం చూడలేదు. వేలితో పట్టాని మెల్లగా తడిమారు. తర్వాత బాషా గారి వైపు తిరిగి, అందరి ముందూ నిన్ను అలా అడగకుండా ఉండాల్సింది తమ్ముడూ అన్నారు. ఆయన అలవాటుగా ఒక వైరు పట్టుకుని లాగబోయి, వదిలేశారు.

అప్పుడు ఆవిడ నా చేతిలోని మీట వైపు చెయ్యి చూపించారు.

"ఆపింది చాల్లే. బండిలో మా నాన్న ఉన్నాడు. దాటించు."