గోదారి కావాలా, ఏలేరు కావాలా?

చలికాలం వచ్చిందంటే మా నాన్నకు మోకాలు గుర్తుకొస్తుంది. రాజమండ్రిలో మా ఇంటి వంటగదిలో చిన్న ఇత్తడి గిన్నెలో ఆముదం వెచ్చబెట్టి ఆయన ముందు పెట్టగానే, ఆ చిక్కటి, కాస్త మాడిన, కాస్త పచ్చి వాసన ఇల్లంతా పాకుతుంది. మా అబ్బాయి ముక్కు మూసుకుని బాల్కనీలోకి పారిపోతాడు. నేను మాత్రం ఏదో పనున్నట్టు అక్కడక్కడే తచ్చాడుతుంటాను. అందరికీ అది నొప్పుల వాసన. నాకు ఫుట్‌బాల్ వాసన.

తొంభైల్లో మేం సామర్లకోట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న పార్సిల్ ఆఫీసులో గుమస్తా, రైల్వే జట్టుకు గోల్‌కీపరు. మా నాయనమ్మ ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో మెల్లగా తీసి సీసాలకు పోసేది. దాన్ని వంటాముదం అనేవాళ్ళు, అది నా తలకు, చంటిపిల్లల ఒంటికి, కదలనని మొరాయించే తలుపు బందులకు. అందులో సగం నాన్న చెప్పాపెట్టకుండా పట్టుకెళ్ళి అరుగు మీద ఎండలో కూర్చుని తోలు బంతికి పట్టించేవాడు, దూడ ఒళ్ళు తోమినట్టు కుట్టు కుట్టుకూ వేలుపెట్టి మరీ. "మనవరాలి జుట్టు చీపురుకట్టయినా పర్లేదు, వాడి తోలుకాయ మాత్రం నిగనిగలాడాల!" అని నాయనమ్మ పెరట్లోంచి సాధించేది. సాధిస్తూనే మర్నాడు ఇంకో సీసా నింపేది.

ఆ బంతి ఏడాదంతా ఎదురుచూసేది శివరాత్రి టోర్నమెంటు కోసం. మామిడి పూత గుప్పుమంటూ, చెరకు బళ్ళ వెనక మేం పరిగెత్తి గడలు లాక్కుని తింటూ, ఊరంతా బెల్లం పాకం వాసనలో నానుతూ ఉండే రోజులవి. భీమేశ్వరుడి గుడి దగ్గర తీర్థంలో జీళ్ళూ ఖర్జూరాలూ కొనుక్కున్న జనం అలాగే నడుచుకుంటూ గూడ్సు షెడ్డు పక్కనున్న మా గ్రౌండుకు వచ్చేసేవాళ్ళు. తుని జట్టు ప్యాసింజర్లో దిగేది. పిఠాపురం వాళ్ళు సైకిళ్ళ మీద, ఒక్కోదానికి ఇద్దరేసి. కాకినాడ రేవు జట్టు చేపల లారీలో పాటలు పాడుకుంటూ వచ్చేది, వాళ్ళకంటే ముందు ఎండుచేపల వాసన వచ్చేది. అందరికీ మా క్వార్టర్లలోనే భోజనాలు. అమ్మావాళ్ళు గంగాళంలో పులిహోర కలుపుతుంటే ఆ ఇంగువ ఘాటుకు ఆటగాళ్ళు ఆట మధ్యలోనే మా వంటింటి వైపు చూసేవాళ్ళు.

ఆ టోర్నమెంటును నాన్న కుర్రాడుగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు. మిగతా ఏడాది పార్సిళ్ళ మీద నంబర్లు వేసే మనిషి, ఆ కొద్ది రోజులూ మాకు తెలియని మరో మనిషి అయిపోయేవాడు. ఒకసారి తుని గెలిచేది, ఒకసారి రేవు జట్టు, ఒకసారి గేదె అడ్డం రాబట్టి పిఠాపురం. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలిసేది కాదు. జనం చెట్లెక్కి, షెడ్డు రేకులెక్కి, ఆగి ఉన్న వ్యాగన్లెక్కి చూసేవాళ్ళంటే అందుకే.

మా జట్టులో అప్పన్న ఉండేవాడు. ఉప్పాడ బెస్తవాళ్ళ అబ్బాయి, లైను మీద పట్టాలకు కంకర కొట్టే గ్యాంగులో రోజుకూలీ. వాడికి బంతి తన్నడం నేర్పింది నాన్నే. అలల్లో తెప్ప తోసుకుంటూ పెరిగిన కాళ్ళేమో, నేల మీద వాడిని ఆపగలిగినవాడు లేడు. బంతితో ఎడమకు వంగాడంటే గ్రౌండు చుట్టూ ఉన్న జనమంతా తెలియకుండానే ఎడమకు వంగేవాళ్ళు. నేనూ వంగి మా పిన్ని ఒళ్ళో పడ్డాను ఒకసారి.

అప్పన్న ఆట చూసి నిద్రపట్టని మనిషి ఇంకొకాయన ఉన్నాడు. దగ్గర్లో పల్లెలో రైసు మిల్లు ఉన్న ఆసామి. పేరు పెట్టి ఎవరూ పిలవరు, మిల్లు రాజుగారంతే. ఆయన పెట్టిన జట్టు మొదటి ఏడే చిత్తుగా ఓడింది. ఆయన కోప్పడలేదు, కుమిలిపోలేదు. కొనడం మొదలుపెట్టాడు. అప్పన్నకు మిల్లులో ఏడాది పొడుగునా జీతమొచ్చే పని, పెంకుటిల్లు ఇస్తానని కబురు చేశాడు.

ఆ సాయంత్రం అప్పన్న మా గుమ్మం ముందు నిలబడి నీళ్ళు నములుతున్నాడు. నాన్నకు కబురు ముందే చేరింది.

"ఏరా, వెళ్తున్నావా?"

"మీరు వద్దంటే మానేత్తానండి బాబుగారు."

నాన్న వాడికి అరుగు చూపించి కూర్చోమన్నాడు. తర్వాత, "ఇల్లు పెంకుటిల్లేనా, రేకులా? సరిగ్గా కనుక్కున్నావా?" అన్నాడు. అంతే. వాడు వెళ్ళాక బంతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, నూనె రాయలేదు. రాజుగారి మీద నాకు కసి పుట్టింది. కానీ గొడుగు కింద పొయ్యి వెలిగించుకునే అప్పన్న పెళ్ళాన్ని నేను చూశాను, వానాకాలంలో. కాబట్టి ఎవరి మీద కసి పెట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను.

మరుసటి ఏడు మిల్లు జట్టు గ్రౌండులోకి దిగినప్పుడు ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. అందరికీ ఒకే రంగు చొక్కాలు, కాళ్ళకు బూట్లు. తునిలో బాగా ఆడేవాడు అందులోనే ఉన్నాడు, రేవు జట్టులో ఎత్తుగా ఎగిరేవాడూ అందులోనే. వీళ్ళు కాక కేరళ నుంచి తెచ్చిన జోసఫ్. అతనికి తెలుగులో 'చాలు', 'ఇంకొంచెం' అన్న రెండు మాటలే వచ్చు, రెండూ మా అమ్మ వడ్డిస్తుంటే నేర్చుకున్నవే. ఆకాశంలోంచి దిగే బంతిని అతను పాదం మీదికి తీసుకుంటే చప్పుడయ్యేది కాదు. మిల్లులో ఉప్పుడు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద, సాయంత్రం గింజలు ఊడ్చేశాక వాళ్ళు సాధన చేసేవాళ్ళట. జోసఫ్ వెనక్కి చూడకుండా మడమతో తోస్తే ఆ బంతి అప్పన్న పరుగుకు సరిగ్గా అందేది. అంత అందమైనది నేను అంతకుముందు చూడలేదు. శివరాత్రి జాగారం చేసి రథం చూసే ముసలమ్మలు కూడా చేతులు జోడించారు, నేను చెప్పేది అబద్ధం కాదు.

ఆ ఏడు చప్పట్లు కొట్టీకొట్టీ మా అరచేతులు కందిపోయాయి. తర్వాతి ఏడు కొంచెం కొట్టాం. ఆ పై ఏడు గోలుకు గోలు పడుతుంటే జనం సగం ఆటలోనే లేచి తీర్థంలో రంగులరాట్నం దగ్గరికి వెళ్ళిపోయారు. మిల్లు జట్టు అదే అందంతో ఆడుతోంది, ఆ మడమ పాసు అలాగే వెళ్తోంది, చూసేవాళ్ళే లేరు. "పెళ్ళయిపోయాక ముహూర్తం పెట్టుకున్నట్టుంది మీ ఆట," అని నాయనమ్మ తేగ పీచు తీస్తూ తేల్చేసింది. రాజుగారు మాత్రం తన కుర్చీలో ఒంటరిగా, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చివరిదాకా కూర్చున్నారు. గెలిచిన మొహంలా లేదది.

ఆ తర్వాతి శివరాత్రికి ముందు తుని వాళ్ళు రామని కబురు చేశారు. పిఠాపురం కబురు కూడా చేయలేదు. ఓడిపోవడానికి కాదు, ఓడిపోతామని ముందే తెలిసి సైకిళ్ళు తొక్కుకుంటూ రావడానికి ఎవరికి కాళ్ళాడతాయి? మా రైల్వే జట్టులోనే కుర్రాళ్ళు మొహం చాటేశారు. టోర్నమెంటు ఆగిపోబోతోంది. నాన్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్దను మళ్ళీ కలిపేవాడు. ఆయన్ని అలా చూడటం నాకు భయంగా ఉండేది.

అప్పుడు రాజుగారే మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ పట్టుకుని అడిగారు.

"ఏంటండి బాబుగారు, ఆణిముత్యాల్లాంటోళ్ళని తెచ్చి ఆడిస్తుంటే జనం రారేంటండి? ఇంకా మంచోళ్ళని తెమ్మంటారా?"

"ఇంకా మంచోళ్ళు వస్తే ఉన్న నలుగురూ రారండి రాజుగారూ," అన్నాడు నాన్న నవ్వకుండా.

ఆయనకు అర్థం కాలేదు. అదే సమయంలో ఎదురుగా మేం పిల్లలం ఆటకు సిద్ధమవుతున్నాం. నేనూ, గార్డుగారి అబ్బాయి పండూ నాయకులం. మా ఆటలన్నిట్లో, గూటీబిళ్ళయినా చెడుగుడైనా ఫుట్‌బాలైనా, జట్లు పంచుకునే పద్ధతి ఒకటే. ప్రతివాడూ తనకు సమానమైనవాణ్ణి వెతుక్కోవాలి, వాడే ఉద్దీ. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని దూరంగా వెళ్ళి, చెవుల్లో గుసగుసలాడి రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చి నాయకుల ముందు నిలబడతారు. "నిమ్మకాయ కావాలా, ఉసిరికాయ కావాలా?" నాయకుడు ఒక పేరు కోరుకుంటాడు, ఆ పేరుగలవాడు ఇటు, రెండోవాడు అటు. తర్వాతి జంటకు రెండో నాయకుడి వంతు. బలమైనవాళ్ళిద్దరూ ఒక పక్కకు చేరే దారే లేదు.

మా ఆట మొదలైంది. పావుగంటలో ఇరువైపులా సమానం. రాజుగారు టీ అరుగు మీద పెట్టేశారు. కాసేపటికి లేచి నిలబడ్డారు. ఆ తర్వాత, "ఆయ్! అటు కాదమ్మా, ఇటు తన్ను, ఇటు!" అని కేకలేస్తూ మా మధ్యకు వచ్చేశారు. ఆట అయ్యాక, జట్లు ఎవరు చేశారని నన్నే అడిగారు. చెప్పాను.

"మరి అందరికంటే బాగా ఆడేవాడే నాకు కావాలంటేనో?"

"అలా మనిషిని అడగకూడదండి. పేరే అడగాలి."

ఆయన కర్రతో నేల మీద జంటలు జంటలుగా గీతలు గీయడం మొదలుపెట్టారు. టీ చల్లారి మీగడ కట్టింది.

ఆ శివరాత్రికి జట్లు లేవని, ఆటగాళ్ళు వస్తే చాలని రాజుగారి పేరు మీద అన్ని ఊళ్ళకూ కబురు వెళ్ళింది. వింతగా ఉందని అందరూ వచ్చారు. వ్యాగన్ల మీద మళ్ళీ జనం. మీసాలున్న మగాళ్ళు, పెళ్ళిళ్ళయినవాళ్ళు, గ్రౌండంతా తిరుగుతూ తమ ఉద్దీ ఎవరా అని మొహమాటంగా వెతుక్కుంటున్నారు. "పెద్దోళ్ళు పేర్లు అడిగితే ఎత్తులేస్తారు, పిల్లలే అడగాల," అన్నారు రాజుగారు. అందుకని నాయకులుగా పండునూ నన్నూ నిలబెట్టారు. తాటిచెట్లంత మనుషులు భుజాల మీద చేతులేసుకుని వచ్చి నా ముందు వంగి, "వెన్న కావాలామ్మా, మీగడ కావాలా?" అని అడుగుతుంటే, నేను తలొంచుకున్నాను. కొత్త గౌను అంచు నలిపేస్తూ ఒక్కో పేరే కోరుకున్నాను.

అప్పన్న తిన్నగా వచ్చి నాన్న భుజం మీద చేయి వేశాడు. "నాకు ఉద్దీ బాబుగారేనండి," అన్నాడు. నాన్న కళ్ళు తడిశాయి, నేను చూశాను. కానీ ఆ చేయి తీసేశాడు.

"మర్యాదకి ఉద్దీ అవకూడదురా. నీకు సమానమైనోడు అదుగో," అని జోసఫ్ వైపు తోశాడు.

మరి నాన్నకు సమానం ఎవరు? నలభై దాటి, పొట్ట వచ్చి, పరిగెత్తలేని మనిషి. ఇంకెవరున్నారు? రాజుగారు కర్ర నా చేతికిచ్చి, పంచె పైకి దోపుకుని వచ్చి నాన్న పక్కన నిలబడ్డారు. జనం ఈలలు. ఇద్దరూ అటు తిరిగి చెవుల్లో గుసగుసలాడుకున్నారు, రాజుగారు బడిపిల్లాడిలా నోటికి చేయి అడ్డం పెట్టుకుని మరీ. వచ్చి నిలబడ్డారు.

"గోదారి కావాలా, ఏలేరు కావాలా?"

ఏలేరు మా పక్కన పారే చిన్న ఏరు, నాన్న స్నానం చేస్తూ తలుచుకునేది గోదారి పేరే. అందుకని గట్టిగా "గోదారి!" అన్నాను. రాజుగారు మొహమంతా విప్పారగా ముందుకొచ్చారు. "ఆయ్, నేనేనమ్మా గోదారిని!" నాన్న పెద్దగా నవ్వుతూ పండు వైపు వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పన్న నా వైపు పడ్డాడు, జోసఫ్ అటు. అన్నేళ్ళుగా ఒకే జట్టులో ఆడిన ఆ ఇద్దరూ ఎదురెదురు నిలబడితే ఎలా ఉంటుందో ఎవరూ ఎరగరు. ఆ మాటకొస్తే వాళ్ళూ ఎరగరు. అప్పన్న ఎడమకు వంగితే జోసఫ్ వంగలేదు. జోసఫ్ మడమ ఎత్తితే అప్పన్న అప్పటికే అక్కడున్నాడు. ఒకరినొకరు దాటలేక, దాటనివ్వక, ఇద్దరూ మాకు తెలియని ఆట ఏదో ఆడారు. జనం అరవడం మరిచిపోయారు. లైనులో ఆగిన గూడ్సు డ్రైవరు ఇంజను దిగొచ్చి నిలబడ్డాడు. అటు చివర గోలులో నాన్న, ఇటు చివర రాజుగారు. ఒక్కసారి అప్పన్న జోసఫ్‌ను దాటి నాన్న ఎదుటికి వచ్చేశాడు. నేర్పినవాడి మీద నేర్చుకున్నవాడు ఏమాత్రం తగ్గించకుండా తన్నాడు. నాన్న అడ్డం పడ్డాడు. బంతి ఆయన మోకాలికి తగిలి తాటికాయ పడ్డట్టు చప్పుడై పక్కకు పోయింది. నేను నా జట్టు సంగతి మరిచి ఎగిరి గంతేశాను.

చీకటి పడేదాకా ఎవరికీ గోలు పడలేదు. బంతి కనిపించక ఆపారు. మోకాలు వాచిపోయిన నాన్నను ఇంటికి మోసుకొచ్చిందీ అప్పన్నే. నాయనమ్మ ఆముదం గిన్నె పొయ్యి మీద పెట్టి, ఆ రాత్రి ఒక్కమాట కూడా సాధించలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, రాజుగారి పిల్లలు మిల్లు అమ్మేసుకునేదాకా, మా టోర్నమెంటు ఉద్దీలతోనే నడిచింది.

ఇప్పుడు ఆ గ్రౌండు మీద సిమెంటు బస్తాల గోదాములు. వంటాముదం కాచేవాళ్ళు లేరు, సీసా మందుల షాపులో కొంటాం. మా వీధి పిల్లలను ఉద్దీ అంటే ఏంటని అడిగితే ఒక్కడికీ తెలియలేదు. మా అబ్బాయికి మాత్రం ఏ దేశపు క్లబ్బు ఏ ఆటగాణ్ణి ఎన్ని కోట్లకు కొన్నదో నోటికి వచ్చు. మొన్న రాత్రి తాతా మనవలిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. అందరినీ కొనేసిన క్లబ్బే మళ్ళీ గెలుస్తోంది. నాన్న మోకాలికి నూనె రాసుకుంటూ అడిగాడు.

"వీళ్ళు ఉద్దీలు పంచుకోరేంట్రా?"

"అంటే ఏంటి తాతయ్యా?"

నాన్న నూనె చేతులు తుడుచుకుని, రెండు గుప్పిళ్ళూ వాడి ముందు పెట్టాడు.

"గోదారి కావాలా, ఏలేరు కావాలా?"

"ఏది మంచిది?"

"అది ముందే తెలిస్తే ఇంక ఆటేముందిరా!"

టీవీలో ఇంకో గోలు పడింది, జనం హోరెత్తిపోయారు. మా అబ్బాయి అటు తిరగలేదు. ముక్కు మూసుకోవడం కూడా మరిచిపోయి, ఆ రెండు గుప్పిళ్ళనూ మార్చిమార్చి చూసి, ఊపిరి బిగబట్టి అన్నాడు:

"ఏలేరు."