కోటోడి మీద అసిరమ్మ ఫిర్యాదులు

మా భావనపాడులో కేబుల్ టీవీ నడపడమంటే తేనెపట్టు కింద కాపురం పెట్టడమే. కరెంటు పోయినా నాకే ఫోను, సీరియల్లో కోడలు విషం తాగినా నాకే ఫోను. వీళ్ళందరిలోకీ నన్ను నంజుకు తిన్నది మాత్రం ఎండుచేపలమ్మే అసిరమ్మత్త. నాకు వరసకి అత్త. నోటి ధాటికి ఊరందరికీ అత్తే.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా లోకల్ ఛానల్లో తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఇంగ్లీషు సినిమా ఒకటి వేసేవాణ్ణి. వాటిలో ఒక గూఢచారి సినిమాల వరసుంది. నేను పుట్టకముందు మొదలైంది, ఇంకా వస్తూనే ఉంది. హీరో పెళ్ళికెళ్ళినా కోటే, చావుకెళ్ళినా కోటే. అందుకని అసిరమ్మత్త వాడికి కోటోడని పేరు పెట్టింది, ఊరు ఖాయం చేసింది. ఆమెకి వాడంటే ప్రాణం. ఎండబెట్టిన చేపల్ని కాకులకి వదిలేసి మరీ టీవీ ముందు కూర్చునేది. సినిమా అయిపోయిన మరుక్షణం నా ఫోను మోగేది.

"ఒరే జగన్నాధం! ఆడు సముద్రంలోంచి లెగిసొచ్చినాడు గదా, ఆడి కోటు తడి నేదేటిరా? తలకాయ ఇప్పుడే దువ్వినట్టున్నాది!"

"సినిమా నాను తీసినానేటి అత్తా?"

"నువ్వే గదరా ఏసినావు!"

ఈ వాదనకి కోర్టుకెళ్ళినా జవాబు దొరకదు. తర్వాతి వారం గాటు మీద పడింది. పోయిన సినిమాలో ఎడం బుగ్గ మీదున్న గాటు ఈ సినిమాలో కుడి బుగ్గకి ఎలా నడిచిందని. ఆపై వారం పడవ సంగతి. లంగరు వేయకుండా వాడు ఒడ్డెక్కిపోతే తెల్లారేదాకా ఆ పడవ కదలకుండా ఎలా ఉందని. విలన్ వాణ్ణి కుర్చీకి కట్టేసి, చంపడం మానేసి తన గుట్టంతా చెప్పుకుంటుంటే, "నోరు ముయ్యరా ఎదవా, ముందు పని సూడు" అని ఆమె అరిచే అరుపు మా ఇంటిదాకా వినబడేది. అన్నిటికన్నా ఆమెకి ఒళ్ళు మండేది ఇంకొకటుంది. ఒక సినిమాలో వాడి చేతుల్లోనే ప్రాణం విడిచిన పిల్లని, తర్వాతి సినిమాలో వాడు తలవనైనా తలవడు.

"మనిషి పోతే ఒక్క పూటైనా కూడు మానడేటిరా? ఆ గుంటకి దినం ఎవులు సేసినారు?"

వెనకనుంచి వాళ్ళాయన ఎర్రన్న మావ నవ్వు వినబడేది. బోటులో చుక్కాని పట్టే మనిషి ఆయన. సముద్రం మీద రెప్ప వాల్చడు గానీ, సినిమా మొదలైన పావుగంటకే గుర్రు పెట్టేవాడు. పెళ్ళాం ఫిర్యాదులు మొదలవగానే మాత్రం లేచి కూర్చుని ఫోను లాక్కునేవాడు. "ఒగ్గీరా జగన్నాధం. ఆదోరం ఒక్కరోజే నా తిట్లు కోటోడికి పడతన్నాయి. ఆ సుకం నన్ను అనుబగించనీ" అనేవాడు.

2014లో వేసవి చేపల వేట నిషేధం ఎత్తేసిన కొత్తలో ఎర్రన్న మావ బోటు బోల్తా పడింది. ఉన్నట్టుండి గాలి తిరిగిందట. ఆయనతో వెళ్ళిన దాలయ్య, శివాజీ తిరగబడిన బోటునే పట్టుకుని వేలాడితే వేరే బోటువాళ్ళు లాగి తెచ్చారు. మావ కాసేపు ఈదుతూ కనిపించాడు, తర్వాత కనిపించలేదు. వాళ్ళు చెప్పగలిగింది అంతే. ఊరి బోట్లన్నీ వెతికాయి. శవం కూడా దొరకలేదు.

మా ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రోజు ఒక్క బోటు కూడా సముద్రంలో దిగదు. పసిపిల్ల పోయినా అంతే, పండుముసలి పోయినా అంతే. ఎంత చేప పడే రోజైనా సరే, వలలు ఒడ్డునే ఉంటాయి. పోయిన మనిషికి ఊరిచ్చే మర్యాద అది. వెతకడం మానుకున్నాక కులపెద్ద నారాయణమూర్తి నలుగుర్ని వెంటబెట్టుకుని అసిరమ్మత్త గుమ్మంలోకి వెళ్ళాడు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

"రేపు ఏట ఆపేద్దాం అసిరమ్మా. దినం సంగతి కూడా సూడాలి గదా" అన్నాడాయన మెల్లగా.

బావురుమంటుందనుకున్నాం. ఆమె నెత్తిమీది గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవులు పోనారని ఆపుతారు? ఎల్లండి, ఏటకెళ్ళండి. మా ఇంట్లో ఎవులూ పోనేదు."

పెద్దాయన వెనక్కి తిరిగాడు, ఆయన వెనకే మేమూ. కట్టుకున్నదే కాదంటే, ఆ మనిషి పోయాడని చెప్పడానికి మేమెవరం? మర్నాడు బోట్లు ఎప్పటిలాగే వేటకెళ్ళాయి.

ఆ ఆదివారం ఫోను మోగింది. ఎత్తడానికి భయపడుతూనే ఎత్తాను.

"ఒరే, కోటోడు వంతెన మీంచి సముద్రంలో పడిపోతాడే, ఆ సినిమా ఎయ్యి."

ఆ సినిమాలో వాడు చచ్చిపోయాడనుకుని ఆఫీసువాళ్ళు ఖాళీ పెట్టెని పూడ్చిపెడతారు. ఇంటర్వెల్ అయ్యాక వాడు తిరిగొస్తాడు. ఎందుకడిగిందో అర్థమైంది. అయినా వేశాను. అన్నాళ్ళు నీళ్ళపాలైన మనిషికి గెడ్డమైనా పెరగలేదేమని ఒకప్పుడు ఇదే సినిమాకి నా ప్రాణం తోడేసిన మనిషి, ఈసారి ఒక్క తప్పూ పట్టలేదు. "సూసినావా, తొందరపడి పూడ్సీసినారు" అంది, అంతే. కొన్నాళ్ళకి మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాను. చూసిందే ఎన్నిసార్లు చూడమంటావని ఊరంతా నన్ను దులిపేసింది. ఆమెకి కాదని చెప్పే గుండె వాళ్ళకీ లేదు, అందుకే నామీద పడ్డారు.

ఏడాది తిరిగింది. బోటు బాగుచేయించారు. మావ చోట దాలయ్య చుక్కాని పట్టాడు. అసిరమ్మత్త బొట్టు తీయలేదు. గంప నెత్తిన పెట్టుకుని తిరిగేది, ఎవర్నీ తిట్టేది కాదు. ఆమె తిట్లు లేకపోతే ఊరు ఇంత బావురుమంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అప్పుడే ఆ వరసలో కొత్త సినిమా నా చేతికొచ్చింది. పాతదాన్ని మరిచిపోతుందేమో అని సంబరపడి ఆదివారం అదే వేశాను. తెరమీద కోటు కనబడింది. కోటులో మనిషి వేరు. పాత హీరోకి వయసైపోయిందని ఇంకొకణ్ణి పెట్టారు. ఆ సినిమాల అభిమానులకి ఇదొక చిన్న చిరాకు. రెండు రోజులు గొణిగి అలవాటు పడిపోతారు. సినిమాలోవాళ్ళకి ఆ చిరాకు కూడా లేదు. పై ఆఫీసరు వీణ్ణి పాత పేరుతోనే పిలిచాడు. గుమాస్తా పిల్ల పాత నవ్వే నవ్వింది. పాత కారు తాళాలే వీడి చేతిలో పెట్టారు.

సినిమా సగంలోనే ఫోను మోగింది.

"ఈడెవుడు?"

"కోటోడే అత్తా."

"ఆడి మొకం నాకు తెలదేటి? ఆడేడి?"

"ఆడు మానేసినాడు. ఆడి బదులు ఈడిని ఎట్టినారు."

"మరి ఎవులూ అడగనేదేటిరా?" అంది. "నిన్నటిదాకా ఉన్న మనిషి ఈయేళ నేడు. ఆడి కుర్సీలో ఇంకోడు కూకున్నాడు. ఆడేడని ఒక్కరూ అడగనేదు! ఒక్కరి కంటా నీరు నేదు!"

"సినిమా గదత్తా."

"దాలయ్య సుక్కాని పట్టినాడు గదరా. మీ మావ కోసం ఊరు ఒక్క పూటైనా ఆగనేదు గదరా."

నువ్వే గదత్తా వద్దన్నావు, అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ సంగతి నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు తెలతెలవారుతుంటే కేకలు వినబడి ఒడ్డుకి పరిగెత్తాను. బోట్లని నీళ్ళలోకి తోస్తున్నారు. దాలయ్య బోటుకి అడ్డంగా, మోకాలి లోతు నీళ్ళలో అసిరమ్మత్త నిలబడి ఉంది. కెరటం వచ్చి తోసినప్పుడల్లా తూలుతోంది, మళ్ళీ నిలదొక్కుకుంటోంది.

"ఈయేళ బోట్లు దించకండి" అంది.

నారాయణమూర్తి హడలిపోయి ఎదురెళ్ళాడు. "ఏటైనాదే అసిరమ్మా? ఎవులు పోనారు?"

"మా ఆయన పోనాడు."

ఏడాది కిందటే అందరికీ తెలిసిన కబురు. అయినా ఆ ఒడ్డున అందరికీ ఆ మాట అప్పుడే విన్నట్టయింది. దాలయ్య బోటు దిగి నీళ్ళలోనే కూలబడి ఘొల్లుమన్నాడు. ఏడాదిగా ఎవరికీ చూపకుండా దాచుకున్న ఏడుపు అది. శివాజీ ముందుగా తాడందుకున్నాడు. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు బోట్లని ఇసకలోకి వెనక్కి లాగారు. సముద్రం ఆ పూట వేటకి ఎంత అనువుగా ఉందో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ ఆ మాట ఎత్తలేదు.