వదిన లైవ్‌లో చుక్క

ఆ రోజు తప్పు నాదే. మా వదిన ఫోన్లో గేమ్ ఆడుతూ లైవ్ ఇస్తుంటే చాట్ చూసే పని నాది. ఒకాయన రోజూ మాటేమీ రాయకుండా ఒక్క చుక్క పెట్టేవాడు. ఆ రోజూ పెట్టాడు. విసుగొచ్చి, వదినను అడగకుండానే ఆయన్ని బ్లాక్ చేశాను; ఆ చుక్క కూడా చాట్‌లోంచి పోయింది.

గజపతినగరంలో మా టిఫిన్ కొట్టు కట్టేశాక, మధ్యాహ్నం వదిన లైవ్ మొదలయ్యేది. ఎవరొచ్చినా పేరు పెట్టి పిలిచి, "వచ్చీసినావా? కూకో" అనేది. ఆటలో ఎదుటివాడు తుపాకీ పేలుస్తున్నా ఆ మాట మానేది కాదు. యాస మార్చుకోమని ఎవరైనా రాస్తే, "నా ఇంటికొచ్చి నా మాట మార్సమంతావేటి?" అని నవ్వేది.

ఆ రోజు ఆటలో ఇద్దరే మిగిలారు. వదిన గెలిచేలాగే ఉంది. అంతలో చాట్ చూసి ఆగిపోయింది.

"సుక్కాయన రాలేదేటి, మరిదీ?"

"నేనే బ్లాక్ చేశాను, వదినా. ఊరికే చుక్కలు పెడతన్నాడని."

"ఒరే, ఆయనకి రాయడం రాదు. కోనాడలో సముద్రం మీద సేపల వేటకెల్తాడు. ఒడ్డుకి సేరానని సెప్పడానికి ఆ సుక్క. ఎండుసేపలు అమ్మడానికి సంతకొచ్చినప్పుడు నానే నేర్పినాను."

ఈలోగా అవతలివాడు కాల్చేశాడు. ఓడిపోయిన ఆట వంక ఆమె చూడనైనా లేదు. "ఇంటికొచ్చినోడిని గెంటీసినావు" అంది.

వెంటనే బ్లాక్ తీసేశాను. అయినా ఆయన మళ్లీ రాలేదు. వదినే పొమ్మందనుకుని ఉంటాడు. ఆదివారం బస్సెక్కి కోనాడ వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న ఆయన పక్కన ఇసకలో కూర్చుని, ఆ పని చేసింది నేనని, వదిన కాదని చెప్పాను.