‘సెల్ఫ్ మార్’ అంటే ఏమిటో ధమ్తరిలో తెలిసింది

మాది ఫోన్లో కాపురం. నవ్వకండి, నిజమే. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. నేను విజయనగరంలో టీచర్ని. మా ఆయన రాయ్‌పూర్ పక్కన ధర్సీవాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మొన్నామధ్య ఉన్నట్టుండి ఫోన్ చేసి, “హైమా, కంపెనీవాళ్లు నన్ను గుజరాత్ భేజ్ చేస్తున్నారు. శనివారం సాయంత్రమే ట్రైన్. ఆర్నెల్లదాకా ఛుట్టీ దొరకదు” అన్నారు. రైలు టికెట్లు చూస్తే వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. నా టూరింగ్ బైకు మాత్రం ఇంటి ముందు సిద్ధంగా ఉంది. ఆయనతో ఒక్క మధ్యాహ్నం గడిపితే చాలనుకుని రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లు సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్ చేరి, ఆ రాత్రికి అక్కడే ఆగడం మంచిది. ఘాట్ రోడ్డు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందలకు దొరికింది. మర్నాడు అయిదున్నరకే బండి తీశాను. కొండగావ్ దాకా హాయిగా సాగింది కానీ, కేష్కాల్ ఘాట్లో గుంతలకు బండీ నేనూ ఎగిరెగిరి పడ్డాం. పదిన్నరకు ధమ్తరిలో ఆగి నలభై రూపాయలకు అటుకుల పోహా, టీ కానిచ్చాను. రాయ్‌పూర్ ఇంక ఎనభై కిలోమీటర్ల లోపే. ఒంటిగంటకల్లా ఆయన ఎదురుగా ఉంటానని ఒకటే సంబరం.

బండి ఎక్కి తాళం తిప్పితే మీటర్లో లైట్లన్నీ వెలిగాయి. స్టార్టు నొక్కితే టిక్కుమంది, అంతే. కిల్ స్విచ్ చూశాను, న్యూట్రల్ చూశాను, సైడ్ స్టాండ్ తీశాను, క్లచ్ పట్టుకుని నొక్కాను. ఊహూఁ! మళ్లీ అదే టిక్కు. ఆయనకు ఫోన్ కొట్టాను.

“గాడీ బంద్ పడిందా? పరేషాన్ అవకు. హెడ్‌లైట్ వేసి, సెల్ఫ్ మార్...” అంటుండగానే లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్. రిలీవింగ్ కాగితాల కోసం ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి ఉంటారు. అక్కడికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

సెల్ఫ్ మార్చమన్నారన్నమాట! ఎలక్ట్రీషియన్ మొగుడు అంత గట్టిగా చెప్పాక ఇంకేం ఆలోచిస్తాను? స్టార్టర్ మోటారే పోయిందనుకుని, చెమటలు కక్కుతూ బండిని దగ్గర్లోని మెకానిక్ షెడ్డు దాకా తోసుకుంటూ వెళ్లాను. “భయ్యా, సెల్ఫ్ బదల్ దో” అన్నాను, నాకొచ్చిన హిందీలో. కొత్త మోటారు ఇక్కడ దొరకదు, రాయ్‌పూర్ నుంచి తెప్పించాలన్నాడతను. పోనీ ముందు విప్పి చూడమని నేనే పట్టుబట్టాను. ఈ బళ్లలో అది అంత తేలిగ్గా చేతికొచ్చే చోట ఉండదు. ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయి, చివరికి మోటారు బయటికి తీసి, వేరే బ్యాటరీకి తగిలించాడు. గిర్రున తిరిగింది. “మోటర్ తో బఢియా హే, దీదీ” అని నా మొహంలోకి చూశాడు. బాగానే ఉందట! రెండయింది.

అప్పుడు మోగింది ఫోన్. “ఏ రాస్తాలో ఉన్నావు?”

“ఇంకా ధమ్తరిలోనే ఏడుస్తున్నాను. మీరు సెల్ఫ్ మార్చమన్నారుగా, విప్పించాను!”

“మార్చమనలేదు హైమా! సెల్ఫ్ మార్ అన్నా. మార్ అంటే నొక్కమని. హెడ్‌లైట్ వేసి నొక్కితే, లైట్ డిమ్ అయితే బ్యాటరీ తార్లు చూడమని చెప్దామనుకున్నా.”

“నొక్కడానికి మార్ ఏమిటండీ! తెలుగులో చెప్పి ఏడవచ్చుగా!”

“నేను చెప్పింది తెలుగే కదా” అన్నారు, పాపం, నిజంగానే నొచ్చుకుని. వాళ్ల తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో చేరినప్పటి నుంచీ ఆ ఇంట్లో తెలుగంటే అదే మరి.

సీటు తీసి చూస్తే బ్యాటరీ నెగెటివ్ తీగ వేలితో కదిపితే కదులుతోంది. ఘాట్లో కుదుపులకు బోల్టు వదులైంది. దాన్ని బిగించడానికి నిమిషం పట్టలేదు. విప్పినవన్నీ తిరిగి బిగించేసరికి మాత్రం నాలుగు కావొచ్చింది. బండి ఒక్క నొక్కుకే అందుకుంది. అప్పటి నుంచి ఎక్కడా ఆగలేదు. రాయ్‌పూర్‌లో పచ్‌పేడీ నాకా కూడలి దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కనిపించిన ప్రతి లారీనీ తిట్టుకుంటూ స్టేషన్ చేరాను. హెల్మెట్ తీస్తుండగా ఫోన్ వచ్చింది.

“హైమా, ట్రైన్ చల్ పడింది.”

రైలు కదిలిపోయిందన్న ఆ మాట మాత్రం తప్పుగా వినడానికి వీల్లేకపోయింది.

రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా అత్తగారి క్వార్టరుకు వెళ్లాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి కంచం పెట్టింది. “నువ్వొస్తే కలిసి తింటానని ఇంతెజార్ చేసినాడమ్మా. ఆకలితోనే ఎల్లిపోనాడు” అంటూ వంకాయ కూర వడ్డించింది. ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాను. ఆయనకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. దుర్గ్ స్టేషన్లో సమోసాలు కొనుక్కున్నారట. “నువ్వు తిను, నేనూ తింటా” అన్నారు. ఆయన నములుతున్న చప్పుడు వింటూ నేనూ తిన్నాను. అంత దూరం వెళ్లి కూడా ఆయన చెయ్యి పట్టుకోలేకపోయాను కదా అని ఎంత బాధేసిందో చెప్పలేను.

ఇలా బయల్దేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఘాట్ దిగాక ఒకసారి సీటు తీసి బ్యాటరీ రెండు టెర్మినళ్లూ కదిపి చూడండి, అందుకు సరిపోయే స్పానరు పై జేబులోనే పెట్టుకోండి. స్టార్టు నొక్కగానే హెడ్‌లైట్ బాగా మసకబారితే ముందు చూడాల్సింది బ్యాటరీనీ దాని తీగలనీ. మోటారు జోలికి పోకండి.

తిరిగొచ్చి రెండు వారాలైంది. ఆయన మాటల్లో సగం హిందీయేనని పెళ్లయినప్పటి నుంచీ ఏడిపిస్తూనే ఉన్నాను. నిన్న క్లాసులో “జల్దీ రాయండర్రా” అన్నాను. పిల్లలు ఒకటే నవ్వు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బోర్డు వైపు తిరిగి, చేతిలోనే ఉన్న సుద్దముక్క కోసం కాసేపు వెతికాను.