నల్లబెల్లం బీరు

విదేశంలో, పాపకూర అనే ఊళ్ళో మేమున్న ఇంటికి గరాజ్ ఉండేది గానీ అందులో కారు ఎన్నడూ పెట్టలేదు. కారు బయట వానలో తడిసేది. గరాజ్‌లో నా బీరు ఉండేది. ఇరవై మూడు లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, కడిగి బోర్లించిన సీసాలు, మేకుకు వేలాడే పొడవాటి స్టీలు గరిటె, ఒక థర్మామీటర్. సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి ఈ దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదని నాకు మొదట చెప్పింది కంచె అవతలి పొరుగాయన. రిటైరైన ప్లంబరు. మొదటి డ్రమ్మును కంచె మీదుగా అందించిందీ ఆయనే.

నేనప్పుడు సిటీ బస్సు నడిపేవాణ్ణి. చదువుకోవడానికి వచ్చి, డిప్లొమా పూర్తి చేసి, చివరికి డ్రైవరుగా బస్సెక్కిన చాలామందిలో నేనొకణ్ణి. యూనిఫాం చొక్కా ప్రతిరోజూ ఇస్త్రీ చేసుకునే వేసుకునేవాణ్ణి. "ఇవాళేమైనా పెళ్ళా?" అని తోటి డ్రైవర్లు అడిగేవారు. మా తాతగారు బెల్లం గోదాములోకి వెళ్ళినా ఇస్త్రీ పంచె కట్టుకునే వెళ్ళేవారు. గోదాములు పోయాక కూడా అలాగే కట్టుకున్నారు. ఆయన దగ్గర్నుంచి నాకు వచ్చిన ఆస్తిలో అదొకటి. దాన్ని నేనెప్పుడూ తక్కువ ఆస్తి అనుకోలేదు.

అనకాపల్లిలో మాకు మూడు గోదాములుండేవి. తాతగారు రెండు పనులు చేయనన్నారు. బెల్లం పచ్చగా మెరవడానికి కలిపే పొడి తన సరుకులో పడనివ్వనన్నారు. నల్లబెల్లాన్ని సారా కాచేవాళ్ళకు అమ్మనన్నారు. నల్లబెల్లం బస్తాలకొద్దీ ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అమ్మినవాళ్ళు మేడలు కట్టారు. మా గోదాములు ఒకటొకటిగా చేతులు మారాయి. నేను పుట్టేసరికి మిగిలింది మా ఇంటి పేరు రాసిన రేకు బోర్డు ఒక్కటే.

ఆయన పద్ధతి ఇంకొకటి ఉంది. మార్కెట్ యార్డులో మంచి బెల్లం దిమ్మలు పైన, తడిసినవి అడుగున పెట్టి అమ్మడం మామూలే. తాతగారు బేరానికి ముందు రాశిలో అన్నిటికన్నా నాసిరకం దిమ్మను ఏరి, నిలువునా కోయించి, కోసిన వైపు పైకి కనబడేలా రాశి మీద పెట్టించేవారు. "ఇంతకన్నా చెడ్డది ఇందులో లేదు" అనేవారు. ఆ తరవాతే బేరం. ఇది నేను కళ్ళారా చూడలేదు. మా నాన్న చెప్పగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

బీరు చేయడం నాకు సులువుగా పట్టుబడలేదు. మొదటిసారి చలికాలం. గరాజ్‌లో చలికి ఈస్ట్ పనిచేయడం మానేసి డ్రమ్ము అడుగున ముద్దగా పడుకుంది. రెండోసారి సీసాల్లో చక్కెర ఎక్కువ వేశాను. ఒక మధ్యాహ్నం మేము భోంచేస్తూ ఉండగా గరాజ్‌లో సీసాలు వరసగా పేలాయి. లోపల ఆరేసిన దుప్పట్లన్నీ బీరు కంపు. మా ఆవిడ వాటిని మూడుసార్లు ఉతికింది, మూడుసార్లూ నాకు వినబడేలా ఉతికింది.

మూడోసారి చలికి ఉపాయం కనిపెట్టాను. ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ సిలిండర్ ఉండే అలమర ఒకటి ఉంటుంది. హాట్ వాటర్ కబోర్డు అంటారు. ఈ దేశస్థులు, కివీలు, అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. మన ఆడవాళ్ళు ఇడ్లీ పిండి పులియబెడతారు, పెరుగు తోడు పెడతారు. మా ఇంట్లో పై అర మా ఆవిడ పిండిది. బతిమాలి కింది అర నా డ్రమ్ముకు సంపాదించాను. ఆ వెచ్చదనంలో ఈస్ట్ చక్కగా లేచింది. ఆ బీరు తాగి పొరుగాయన మీసం తుడుచుకుని, "మేట్, ఇది మా క్లబ్బుకు తీసుకెళ్ళాల్సిన సరుకు" అన్నాడు.

ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళ క్లబ్బు అది. నెలకొక శనివారం మధ్యాహ్నం ఒక హాల్లో కలుస్తారు. వంతు వచ్చిన మనిషి రెండు క్రేట్ల బీరు తెచ్చి, అందరి ముందూ నిలబడి, ఎలా చేశాడో చెప్పాలి. ఆ తరవాత అందరూ తాగి, ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ మనవాళ్ళెవరూ లేరు, నేనొక్కణ్ణే. పెద్ద గడ్డం ఉన్న ట్రక్కు మెకానిక్కు ఒకాయన నన్ను చూసి, "నీ వంతు వచ్చినప్పుడు బీరు మీ ఇండియా కూరల వాసన వేయదు కదా, మేట్?" అన్నాడు. హాలంతా నవ్వింది. పొరుగాయన కూడా నవ్వాడు.

నేను నవ్వలేదు. "నల్లబెల్లంతో చేస్తాను. రెండు నెలల తరవాతి వంతు నాకివ్వండి" అన్నాను.

వాళ్ళకది మామూలు శనివారం. నాకు కాదు. గోదాములు పోయిన తరవాత మా ఇంటి మనిషి తన సరుకును తన పేరుతో పదిమంది ముందు పెట్టబోవడం అదే మొదటిసారి. అది చెడితే నవ్వేది నన్నొక్కణ్ణే కాదనిపించింది.

బెల్లం కోసం ఇండియన్ షాపులన్నీ తిరిగాను. ఒక కొట్టులో యజమాని, గుజరాతీ ఆయన, పచ్చటి దిమ్మలు చూపించాడు. చిన్న ముక్క గిల్లి నాలుక మీద వేసుకున్నాను. తీపి వెనక ఉప్పగా తగిలింది. పొడి కలిపిన సరుకు. అడుగు అరలో దుమ్ముపట్టిన నల్లటి దిమ్మ ఒకటి కనబడింది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా నలిగింది, చెరకు వాసన వచ్చింది.

"అది ఎవరూ కొనరు భాయ్, పాతది. మంచి రంగుది తీసుకో."

"నాకిదే మంచి రంగు" అన్నాను.

మొలకెత్తించిన బార్లీ మాల్ట్, చేదు కోసం హాప్స్ పూలు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి డ్రమ్మును కింది అరలో పెట్టాను. మూడో రోజు పొంగు తగ్గాక బెల్లం పాకం పోయాలి. ఆ రోజు ఆదివారం. మూత తీసి పాకం పోశానో లేదో ఫోను మోగింది. అనకాపల్లి నుంచి మా మావయ్య. అక్కడ అప్పుడే తెల్లవారి ఉంటుంది. మూతను డ్రమ్ము మీద వదులుగా ఆనించి ఫోనెత్తాను.

"ఏట్రా అల్లుడా, బీరు కాస్తన్నావంట కదా! మీ అత్తగారు ఊరంతా చెప్తంది."

"అవును మావయ్యా."

"అదీ నల్లబెల్లంతోనంట! మీ తాత దేన్నైతే కాదన్నాడో దాన్నే ఎతుక్కుని మరీ మొదలెట్టావు. ఆ పనేదో ఆయనే చేసీసుంటే మూడు గోదాములూ ఉండీవి, నువ్వక్కడ బస్సు తోలుకోవలసిన కర్మ ఉండీది కాదు."

నాకు వెన్ను నిటారుగా అయిపోయింది. ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచాను.

"తాతగారు కాదన్నది బెల్లాన్ని కాదు మావయ్యా, చాటుమాటు అమ్మకాన్ని. నేను చేసేది చట్టం ఒప్పుకున్న పని. ఎలా చేశానో పదిమందికీ చెప్పి మరీ ఇచ్చే పని."

"గొప్ప చట్టమే! గోదాములు తిరిగిచ్చెస్తదేటి?"

"గోదాములు పోయాయి, నిజమే. ఆయన మాట పోయిందని మీరొక్కరైనా చెప్పగలరా?"

మావయ్య మాట మార్చి గోదాముల ధరలు ఎత్తుకున్నాడు. నేనూ ఊరుకోలేదు. పెరట్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ దాదాపు గంటసేపు మా ఇంటి పరువు కోసం మాట్లాడాను. గెలిచానన్న నమ్మకంతోనే లోపలికి వచ్చాను.

"ఏవండీ, ఇలా ఒకసారి రండి. కోప్పడకూడదు" అంది మా ఆవిడ, కబోర్డు తలుపు పట్టుకుని.

సాయంత్రం నాలుగు కుటుంబాలు టిఫిన్‌కి వస్తున్నాయని ఆవిడ పెద్ద గిన్నె నిండా ఇడ్లీ పిండి పోసి పై అరలో పెట్టింది. అది పొంగి, చెక్కల సందుల్లోంచి కారి, నా డ్రమ్ము మూత మీద తెల్లగా పేరుకుంది. మూత బిగించి లేదు. ఒక పక్క సందులోంచి పిండి ఇంకా లోపలికి కారుతోంది.

"గిన్నె నిండా ఎవరు పొయ్యమన్నారు?"

"పొంగడం పిండి పని. మూత పెట్టడం మీ పని. ఫోన్లో మీ తాతగారిని కాపాడుతున్నారు కదా అని నేను పిలవలేదు."

చేతనైనంతవరకు తుడిచి, మూత బిగించి, కాస్తే పడి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

సీసాల్లో పట్టాను. క్లబ్బుకు వారం ఉందనగా మొదటి సీసా తీశాను. రంగు తేనెలా ఉంది, నురగ నిలిచింది. నోట్లో పోసుకుంటే పులుపు. నిమ్మకాయ పిండినంత పులుపు. వెనకాల ఎక్కడో బెల్లం. మా ఆవిడ ఒక చెంచాడు రుచి చూసి, "మజ్జిగ పులుసుకి తాలింపు ఒక్కటే తక్కువండీ" అంది. ఇంకో చెంచాడు పోసుకుంది.

ఇంకో బీరు చేయడానికి వ్యవధి లేదు. పొరుగాయన్ని పిలిచాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి కళ్ళు పెద్దవి చేశాడు.

"దీన్ని సోర్ బీర్ అంటారు. పులుపు కోసం పనిగట్టుకుని ఇలా చేసేవాళ్ళున్నారు. నువ్వు నోరు మూసుకుని, సోర్ బీర్ చేశానని చెప్పు. గడ్డం వాడు నీ కాళ్ళ మీద పడతాడు."

"నేను చేయలేదు కదా. అలా అయింది."

"అయితే ఏంటి? ఎవరికి తెలుస్తుంది?"

ఆ వారమంతా బస్సు నడుపుతూ అదే ఆలోచించాను. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. నిజమే. తడిసిన దిమ్మ అడుగున పెడితే కూడా చాలాసార్లు ఎవరికీ తెలియదు. వంతు వదులుకుంటే కూర వాసనన్న ఎగతాళి అలాగే మిగిలిపోతుంది. చెప్పకుండా మెప్పు పొందితే మావయ్య ముందు పెరట్లో గంటసేపు మాట్లాడినదంతా ఉత్త మాటలవుతాయి.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు క్రేట్లూ హాల్లో బల్ల మీద పెట్టాను. ఎవరికీ పోయకముందే నిలబడి చెప్పాను.

"నేను చేయాలనుకున్నది పులుపు లేని బీరు. ఇది పుల్లగా ఉంది. కారణం నేను. మూత బిగించకుండా గంటసేపు ఫోన్లో మాట్లాడాను. పై అరలోంచి ఇడ్లీ పిండి పొంగి ఇందులో పడింది. ఇది చెడిపోయిన సరుకని తెలిసే తెచ్చాను. ఇష్టమైనవాళ్ళు తాగండి."

పొరుగాయన నుదురు కొట్టుకున్నాడు.

"ఇడ్లీ అంటే?" అని అడిగాడు గడ్డం ఆయన.

"బియ్యం, మినప్పప్పు రుబ్బి రాత్రంతా పులియబెట్టిన పిండిని ఆవిరి మీద ఉడికిస్తాం."

"అంటే ఒకే కబోర్డులో పైన మీ ఆవిడ బ్రూవరీ, కింద నీది!"

హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నేను కూడా నవ్వాను. ఆయనే ముందుగా సీసా తీసి గ్లాసులోకి వంచి, వెలుతురుకు పట్టి చూసి, తాగాడు. ఇంకో గ్లాసు పోసుకున్నాడు. క్రేట్లు రెండూ ఖాళీ అయ్యాక నా దగ్గరికొచ్చి, "నేను పదిహేనేళ్ళుగా వస్తున్నానిక్కడికి. తన బీరు చెడిందని ముందే చెప్పి పోసినవాణ్ణి చూళ్ళేదు" అన్నాడు. చెయ్యి చాపాడు. గట్టి చెయ్యి. నా చెయ్యి కూడా తక్కువేమీ కాదు.

ఇలాంటిదే మళ్ళీ తెమ్మని కొందరడిగారు. తీసుకురానన్నాను. రెండు నెలలు ఆగి మళ్ళీ వంతు అడిగి పుచ్చుకున్నాను. ఈసారి పాకం పోసి మూత బిగించాకే చేతులు తుడుచుకున్నాను. ఆ రోజు ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ఆ బీరు తేటగా, గోధుమరంగులో, చివర్న చెరకు వాసనతో వచ్చింది. ఇప్పటికి నేను చేసిన బీర్లలో అదే మేలైనది. అందరూ బాగుందన్నారు. గడ్డం ఆయన మాత్రం పెదవులు చప్పరించి, "మంచి బీరే. కానీ నిజం చెప్పాలంటే, ఆ పుల్లదే నాకు ఎక్కువ నచ్చింది" అన్నాడు.

"అది మా ఆవిడ పిండి చేసింది. ఇది నేను చేశాను" అన్నాను.

ఆయన గ్లాసు అంచుదాకా నింపుకున్నాడు.

ఆ ఆదివారం నేనే మావయ్యకు ఫోను చేసి రెండు శనివారాల సంగతీ చెప్పాను. అంతా విని, "మీ తాతుంటే ముట్టీవాడు కాదురా ఆ బీరు" అన్నాడు.

"ముట్టేవారు కాదు మావయ్యా. కానీ మొదటిసారి నేను క్రేట్లు బల్ల మీద పెట్టిన తీరు చూస్తే, ఎవరి మనవణ్ణో ఆయన ఎవరినీ అడగక్కర్లేదు."

మావయ్య గొంతు తగ్గించి, "పుల్లదా, రెండోదా, ఏది బాగుందేటి?" అని అడిగాడు.

"రెండోది" అన్నాను.