వాన పడ్డనాటి చెట్లు

చంద్రపూర్‌లో కంప్యూటర్ క్లాసులు కొత్తగా తెరిచిన రోజుల్లో, ఫోటో చూసి తెరమీద ప్రకృతి దృశ్యాలు వేయడం నేర్చుకునేవాణ్ణి. బొగ్గు లారీలు తిరిగే మా రాజురా రోడ్డునే ఫోటో తీసి పెట్టుకున్నాను. అందులో చెట్లన్నీ అదో రకం బూడిద రంగులో వచ్చాయి. కడిగిన స్టూడియోవాణ్ణి తిట్టుకున్నాను. ఎన్ని రంగులు కలిపినా ఆ రంగు రాలేదు, పైగా మౌస్ ఎటు తోస్తే అటు కదిలేది కాదు. చివరికి విసుగొచ్చి చెట్లన్నిటికీ పచ్చరంగు పులిమేసి, ప్రింటు తీసుకుని ఇంటికి బస్సెక్కాను.

పక్కన కూర్చోబోతూ ఒక పెద్దావిడ కొంగుతో సీటు తుడిచింది. మా వైపు అంతే, తుడవనిదే ఎవరూ కూర్చోరు. నా ఒళ్లో ఉన్న ప్రింటు చూసి, "మన రోడ్డే గదా బిడ్డా. వాన పడ్డంక తీసినవా?" అని అడిగింది.

"వాన లేదు, ఏం లేదమ్మా. నేనే ఏసిన," అంటూ చిరాగ్గా జేబులోంచి అసలు ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది గిట్లొస్తే ఎట్ల ఏయాలె?"

ఆమె ఫోటోను కూడా కొంగుతో తుడిచింది. కిటికీ వెలుతురులో చూసి మళ్లీ తుడిచింది.

"పోతలేదు బిడ్డా. దుమ్ము దీని మీద లేదు, చెట్ల మీదనే ఉన్నది."

ఫోటో తిరిగి ఇచ్చేసి, వర్ధా నది వంతెన దాటేదాకా నా పచ్చచెట్లనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మౌస్ మళ్లీ మొరాయించింది. తిట్టుకుంటూ దాని అడుగున ఉండే బంతిని ఊడదీశాను. ఇన్నాళ్లూ నాకు దొరకని రంగు దానికే అంటుకుని ఉంది.