ఎదురుగా కూర్చుని చెప్పే మాట

మొన్న శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి సోఫాలో ఫోన్ చూసుకుంటూ "ఐ యామ్ డ్రాప్డ్" అంది. మర్నాటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి జట్టు పేర్లు గ్రూపులో పెట్టారట, దాని పేరు లేదట. ఎందుకు తీసేశారే అంటే భుజాలెగరేసి గదిలోకి వెళ్ళిపోయింది. మనిషిని తీసెయ్యడం ఇంత సులువైపోయిందా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. న్యూజీలాండ్‌లో మేముండే ఈ లోవర్ హట్ ఊళ్ళోనే, ఇదే క్లబ్బులో ఇంతకుముందు కోచ్‌గా ఉన్న ఇంగ్లండ్ పెద్దాయన గుర్తొచ్చారు. ఇక వంట మీద మనసు నిలవలేదు.

ఆయన మాకు రెండు వీధుల అవతల ఉండేవారు. ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్ళలో చిన్నాచితకా క్లబ్బులకి డిఫెండర్‌గా ఆడి, తర్వాత మేనేజరై, జట్టు ఓడినప్పుడల్లా ఉద్యోగం పోగొట్టుకుంటూ తిరిగిన మనిషి. ఆయన భార్య ఏ అద్దె ఇంట్లోనూ కర్టెన్లు కుట్టించుకోలేదట. కుట్టించేలోపే ఈయన్ని తీసేస్తారని ఆవిడ నమ్మకం, నవ్వుతూనే చెప్పేది. ఒకచోట తనని తీసేసిన సంగతి ఆయనకి కారు రేడియోలో వింటే తెలిసిందట. మరొకచోట ఛైర్మన్ "మీకేం ఢోకా లేదు" అని భుజం తట్టిన వారమే ఆఫీసు తాళాలు అడిగి తీసుకున్నారట. విసిగిపోయి, ఎవరో పిలిస్తే న్యూజీలాండ్ వచ్చి, చివరికి మా ఆడపిల్లల జట్టు దగ్గర స్థిరపడ్డారు.

అందుకేనేమో ఆయనకో నియమం ఉండేది. జట్టులోంచి ఎవరిని తీసేసినా ముందురోజు సాయంత్రం స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, కారణం చెప్పి మరీ తీసేసేవారు. ఆయన పాత కారు మా గుమ్మం ముందు ఆగిందంటే మా అమ్మాయికి ఏడుపు మొదలయ్యేది. "నీ ఎడమ కాలు ఇంకా నిద్ర లేవలేదమ్మాయ్, రేపు బెంచీ మీద కూర్చో" అని నెమ్మదిగా ఇంగ్లీషులో చెబుతూనే నేను పెట్టిన సకినాలు కరకరా నమిలేసేవారు. నా కూతుర్ని తీసేస్తూ నా సకినాలే తింటారా అని ఒళ్ళు మండేది. అయినా ప్లేటులో మరికొన్ని వేసేదాన్ని. అల్లం టీ కూడా అలవాటు చేసుకున్నారు.

తర్వాత ఒక చలికాలం, మైదానంలో జట్టు పేర్లు చదువుతూ ఎప్పుడో ఇంగ్లండ్‌లో తనతో ఆడిన మగాళ్ళ పేర్లు చదివారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన మళ్ళీ అవే పేర్లు చదివేసరికి ఎవరూ నవ్వలేదు. వయసులో ఉండగా తడిసి బరువెక్కిన బంతిని తలతో కొట్టీ కొట్టీ ఈ మతిమరుపు జబ్బు వచ్చి ఉండొచ్చని డాక్టర్లు అన్నారట. నెల తిరక్కుండానే, తలకి దెబ్బ తగిలిందని తానే బయట కూర్చోబెట్టిన పిల్లని కాసేపటికి మళ్ళీ ఆటలోకి దింపబోయారు. రెఫరీ ఆపాడు కాబట్టి సరిపోయింది. ఇక ఆయన్ని ఉంచడం కుదరదని కమిటీ తేల్చేసింది. మా ఆయన క్లబ్బు సెక్రటరీ. ఈమెయిల్ పంపిస్తే చాలన్నారు మిగతావాళ్ళు.

మా ఆయన ఒప్పుకోలేదు. "మనింటికొచ్చి చెప్తుండె గదా ఆయన. మనం ఈమెయిల్ కొట్టి ఊకుంటే మంచిగుండదు" అని నన్ను తోడు తీసుకుని వెళ్ళారు. పెద్దాయన అంతా విన్నారు. ముఖం పాలిపోయింది. పిల్లకి దెబ్బేమీ తగల్లేదు కదా అని అడిగి, లేచి చెయ్యి కలిపి, "నన్ను ఇంటికొచ్చి తీసేసింది నువ్వొక్కడివే. థాంక్యూ" అన్నారు. కారులో మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కష్టమైన పని గౌరవంగా ముగిసిందనుకున్నాం.

శనివారం పెద్దాయన మెళ్ళో విజిల్‌తో మైదానానికి వచ్చి, మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసుకి ప్లాస్టిక్ కోన్లు పేర్చడం మొదలుపెట్టారు. ఆయన భార్య కారు పక్కన నిలబడిపోయింది. మా ఆయన బెంచీ మీద ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అదే పాలిపోవడం, పిల్ల గురించి అదే ప్రశ్న, అదే థాంక్యూ. పై వారమూ అంతే. "ఇగ నాతోని గాదు. మ్యాచ్ క్యాన్సిలైందని చెప్పి పంపిస్త" అన్నారు మా ఆయన ఆవిడతో. ఆవిడ గట్టిగా తల అడ్డంగా ఊపింది. "అబద్ధం మాత్రం వద్దు. ఆయనకి జీవితమంతా అబద్ధాలే చెప్పారు" అంది. ఎంత రాతిగుండె అనుకున్నాను. ఆవిడ చేసింది సరైనదో కాదో నాకిప్పటికీ తేలలేదు.

ఆయన్ని కేర్ హోమ్‌లో చేర్చేవరకూ, ఆ చలికాలమంతా శనివారం శనివారం మా ఆయన ఆ పెద్దమనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తూనే ఉన్నారు. ఎంత బాధైనా పాతబడాలంటే మనిషికి నిన్న అనేది ఒకటి ఉండాలి. ఆయనకి అది లేదు, ప్రతి శనివారమూ ఆయన్ని అప్పుడే తీసేశారు.